బైక్ మీద రైఫిల్: బందరు నుంచి రేంజ్‌కి వెళ్లే దారి

 

నన్ను కలిసిన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది స్కోరు గురించి కాదు. "అన్నా, నీకు కారు లేదు కదా, రైఫిల్ ఎలా తీసుకెళ్తావ్? బైక్ మీదేనా? పోలీసులు ఆపరా?" అని. అవును, బైక్ మీదే. ఆపారు కూడా. ఆ సంగతి చెప్తా. కానీ దానికన్నా ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఇంతకాలం కెమెరా ముందు చెప్పలేదు, సిగ్గేసి. ఈరోజు చెప్తున్నా, ఎందుకంటే మన కృష్ణా జిల్లాలోనే బైక్ మీద గన్ బ్యాగ్ వేసుకుని ప్రాక్టీస్‌కి వెళ్లే పిల్లలు ఈమధ్య కనపడుతున్నారు. వాళ్లని చూస్తే సంతోషంగానూ ఉంటుంది, గుండె దడగానూ ఉంటుంది.

కొత్తగా చూసేవాళ్లకి నా గురించి రెండు ముక్కలు. మాది బందరు. మచిలీపట్నం అని బోర్డు మీద ఉంటుంది, మా నోట్లో మాత్రం బందరే. చిన్నప్పుడు తుపాకీ అంటే చిలకలపూడి పాండురంగడి తిరునాళ్లలో బుడగలు కొట్టే ఎయిర్ గన్ ఒక్కటే తెలుసు. కాలేజీలో ఎన్‌సీసీలో చేరాక పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నా. బోర్లా పడుకుని ఐదు రౌండ్లు కొట్టించారు. ఆ ఐదు రౌండ్లతో పిచ్చి పట్టింది. ఉద్యోగం వచ్చాక డబ్బులు కూడబెట్టి, ఒక సీనియర్ దగ్గర పాత టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ కొన్నా. అప్పటి నుంచి ఆదివారం వస్తే విజయవాడ ప్రయాణం. గూడూరు, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటుకుని సుమారు 70 కిలోమీటర్లు.

ఈ ఆట ఎంత సున్నితమో ఒక్క అంకె చెప్తా. టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. బొంబాయి రవ్వ పలుకు అంత అనుకోండి. పది మీటర్ల అవతల ఉన్న ఆ పలుకుని కొట్టాలి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ తెచ్చింది ఈ ఈవెంట్‌లోనే. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ బ్రాంజ్ తెచ్చిందీ ఇందులోనే. 2024 పారిస్‌లో రైఫిల్ త్రీ పొజిషన్స్ బ్రాంజ్ కొట్టిన స్వప్నిల్ కుసాలే అప్పట్లో రైల్వేలో టికెట్ కలెక్టర్. అంటే ఇది డబ్బున్నోళ్ల ఆటే అని వదిలేయక్కర్లేదు. మనలాంటి ఇళ్ల నుంచి కూడా వస్తారు. కాకపోతే మనలాంటి ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకి కారు ఉండదు, బైక్ ఉంటుంది. సమస్య అక్కడ మొదలవుతుంది.

సరే, ఇప్పుడు ఆ తప్పు.

ఐదేళ్ల కిందట ఒక ఆదివారం. రేంజ్‌లో నేనే చివరివాణ్ణి. బయట మబ్బు పట్టింది, వాన వచ్చేలా ఉంది. అప్పుడే పెల్లెట్ పెట్టి లివర్ మూశా. ఇంట్లోంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూనే సామాను సర్దేశా. బ్యారెల్‌లో పెల్లెట్ ఉన్న సంగతి మర్చిపోయా. సేఫ్టీ ఫ్లాగ్ పెట్టలేదు. అదేంటో తర్వాత చెప్తా. రైఫిల్ బ్యాగులో పెట్టి, జిప్ లాగి, వీపుకి తగిలించుకుని బైక్ ఎక్కేశా.

దారిలో పామర్రు దగ్గర బందరు వైపు తిరక్కుండా గుడివాడ వైపు తిరిగా. అక్కడ మా మేనత్త వాళ్లిల్లు. "అల్లుడూ, ఇటొచ్చి అన్నం తినెళ్లు" అని ఎన్నాళ్లగానో పిలుస్తోంది. వెళ్లా. బ్యాగు ముందు గదిలో తలుపు వెనక ఆనించా. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లా. అంతే, రెండు నిమిషాలు.

మా బావ కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి ఆ బ్యాగులో ఏముందో తెలుసు. ఎందుకు తెలుసంటే, ముందు వచ్చినప్పుడు నేనే చూపించి గొప్పలు పోయా. జిప్ తీశాడు. మంచం మీద ఆనించి ఎత్తాడు. మా అత్తయ్య ఆ గదిలోనే కింద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. "అమ్మో, పెట్టేయరా నాన్నా" అంటూనే ఉంది. వాడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు. మ్యాచ్ రైఫిల్ ట్రిగ్గర్ ఎంత తేలికో పట్టుకున్నవాళ్లకి తెలుసు. ఊదితే పడేలా ఉంటుంది.

నాకు వినపడింది ఒక టప్ మన్న శబ్దం, తర్వాత అద్దం పగిలిన శబ్దం. పెరట్లోంచి పరిగెత్తుకొచ్చా. బీరువా అద్దానికి తగిలింది. అత్తయ్య తలకి ఒక మూర దూరం కూడా లేదు. పిల్లాడు రైఫిల్ మంచం మీద పడేసి గోడకి అతుక్కుని నిలబడ్డాడు. ఏడవట్లేదు కూడా. అత్తయ్య చేతిలో కత్తిపీట దగ్గర బెండకాయ అలాగే ఉంది.

మీరు అనచ్చు, ఎయిర్ గనే కదా అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పెద్దవాళ్ల ఒంటి మీద తగిలితే ప్రాణం పోకపోవచ్చు. కంటికి తగిలితే కన్ను పోతుంది. పిల్లల తలకి దగ్గర నుంచి తగిలితే ఇంకేమవుతుందో నేను నోటితో అనను. నా రైఫిల్‌లో సిలిండర్ నింపితే 200 బార్ గాలి ఉంటుంది. మన బైక్ టైరులో ఉండేది రెండు బార్లు, కొంచెం ఎక్కువ. లెక్క వేసుకోండి.

ఆ రోజు అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది. నేను తినలేకపోయా. సాయంత్రం కోచ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన తిడతారనుకున్నా. ఆయన అడిగింది ఒకటే: "రేంజ్‌లో నువ్వు ఇన్ని రూల్స్ పాటిస్తావు కదా, మరి గేటు దాటగానే ఆ రూల్స్ ఎవరికిచ్చేశావు?" మూడు నెలలు రైఫిల్ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు.

ఆ మూడు నెలల్లో నాకు అర్థమైంది ఇది. రేంజ్‌లో గన్ ప్రమాదం కాదు. అక్కడ గోడ ఉంది, గీత ఉంది, చూసేవాళ్లున్నారు. ఇంట్లో తాళం వేసిన బీరువాలో ఉన్నా ప్రమాదం కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న 70 కిలోమీటర్లే ప్రమాదం. అందులోనూ బైక్ కదులుతున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. టీ కోసం ఆగినప్పుడు, పెట్రోలు కోసం ఆగినప్పుడు, చుట్టాలింటి దగ్గర ఆగినప్పుడు. గన్ మన చేతిలోంచి, మన కంట్లోంచి పక్కకి వెళ్లేది అక్కడే.

అందుకే ఇప్పుడు చెప్పబోయేవన్నీ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. దారిలో గన్ ఖాళీగా ఉండాలి, ఎవరికీ కనపడకూడదు, ఎవరి చేతికీ అందకూడదు. నా అదుపులోంచి మాత్రం ఒక్క నిమిషం కూడా పోకూడదు.

మొదటిది, ఖాళీ. లివర్ తెరవాలి, కంటితో చూడాలి. పెల్లెట్ ఉంటే టార్గెట్ వైపే కొట్టేసి మళ్లీ తెరిచి చూడాలి. తర్వాత సేఫ్టీ ఫ్లాగ్. అంటే రంగు తీగ. ఎయిర్ రైఫిల్ అయితే లోపలి నుంచి దూర్చితే బ్యారెల్ పొడుగునా వెళ్లి మూతి బయటకి కనపడాలి. పోటీల్లో ఇది తప్పనిసరి. కొనక్కర్లేదు, గడ్డి కోసే మిషన్‌కి వేసే నైలాన్ తీగ ఉంటుంది కదా, ఎరుపో నారింజో, ఎరువుల కొట్టు పక్కన మిషన్లు బాగుచేసే షాపులో అడిగితే మీటరు లెక్కన కోసిస్తాడు. ఆ తీగ లోపల ఉందంటే పెల్లెట్ ఉండే చోటు లేదు. నేను చూశాను అని చెప్పుకోవడం కాదు, ఎవరైనా చూసి నమ్మొచ్చు. నేను ఇంకోటి కూడా చేస్తా. బ్యాగ్ మూసేముందు పక్కనున్న షూటర్‌ని పిలిచి "ఒకసారి చూడు బ్రో" అంటా. వాడు చూశాకే జిప్. ఎవరూ లేకపోతే ఫోన్ జేబులో పెట్టేసి, రెండోసారి నేనే చూస్తా. ఫోన్ మాట్లాడుతూ గన్ సర్దడం నా జీవితంలో ఇక లేదు.

రెండోది, పెల్లెట్లు వేరే. గన్ ఒక బ్యాగులో, పెల్లెట్ డబ్బా నా నడుం సంచిలో. పాయింట్ టూ టూ వాళ్లయితే రౌండ్లు వేరే తాళం పెట్టెలో, వీలైతే బోల్ట్ కూడా తీసి వేరేగా. ఒక్కటి పొరపాటున ఎవరి చేతికి దొరికినా రెండోది దొరక్కూడదు.

మూడోది, తాళం. జిప్ రెండు కొసలూ కలిపి చిన్న నంబర్ లాక్. సూట్‌కేసులకి వేసేది. దొంగ దాన్ని నిమిషంలో తెంపుతాడు, నిజమే. అది దొంగ కోసం కాదు. తొమ్మిదేళ్ల పిల్లాడి కోసం.

నాలుగోది, బ్యాగు. కంపెనీ పేరు, గన్ బొమ్మ ఉన్న బ్యాగులు వద్దు. మామూలు నల్ల బ్యాగు. అవనిగడ్డలో ఒకాయన "కీబోర్డా బాబూ?" అన్నాడు, నాగాయలంకలో ఇంకొకాయన క్రికెట్ కిట్ అనుకున్నాడు. నేను "ఆటల సామాను అండి" అని ఊరుకుంటా. అది అబద్ధం కాదు, గొప్ప కాదు.

ఇప్పుడు బైక్ సంగతి. రైఫిల్ పెట్టె పొడుగు నాలుగడుగుల దాకా ఉంటుంది. మనవాళ్లు మూడు రకాలుగా తీసుకెళ్తారు. ఒకటి, సీటు మీద అడ్డంగా కట్టడం, చెరుకు గడల్లాగా. దయచేసి వద్దు. రెండు పక్కలా బయటకి పొడుచుకొస్తుంది. కరకట్ట మీద ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే ఎటు తప్పుకుంటారు? రెండోది, వీపుకి నిలువుగా. నేను మొదట చేసింది ఇదే. హెల్మెట్ కన్నా పైకి లేస్తుంది, గాలికి లాగుతుంది, కొమ్మలకి తగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి పడితే మీ వెన్నెముకకీ రోడ్డుకీ మధ్య ఒక ఇనప కడ్డీ ఉంటుంది. పిస్టల్ అయితే సరే, చిన్న పెట్టె, మెత్తటి బ్యాక్‌ప్యాక్‌లో సరిపోతుంది. రైఫిల్ మాత్రం వీపు మీద వద్దు.

మూడోది, నేను ఇప్పుడు చేసేది. బందరులో వెల్డింగ్ షాపులో ఎడమ పక్కకి ఒక ఫ్రేము చేయించా. సైలెన్సర్ కుడి పక్క కాబట్టి వేడి తగలదు. గట్టి పెట్టె బైక్ పొడుగునా, బండితో సమానంగా పడుకుంటుంది. ఇండికేటరూ నంబర్ ప్లేటూ కనపడాలి, కాలు గేరుకి అడ్డం పడకూడదు, అది చూసుకుని చేయించా. రెండు బెల్టులు, పైన ఇంకో తాడు. పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి బండి దిగకుండానే చెయ్యి పెట్టి లాగి చూస్తా. లోపల మందపాటి స్పాంజి ఉంది, ఎందుకంటే మన రోడ్ల గుంతలకి సైట్ కదిలిందంటే ఆ రవ్వ పలుకు ఇంక దొరకదు.

నిజం చెప్పాలంటే వీటన్నిటికన్నా మంచిది ఇంకోటుంది. గన్ మోయకపోవడం. మీ రేంజ్‌లో తాళం ఉన్న గది ఉంటే, అక్కడే పెట్టి రండి. వారానికి ఒకరోజు కారు ఉన్న ఫ్రెండ్‌తో పెట్రోలు డబ్బులు పంచుకుని వెళ్లండి. మిగతా రోజులు ఇంట్లో ఖాళీ గన్‌తో, పెల్లెట్లు వేరే గదిలో తాళం వేసి, తెల్ల గోడకి ఎదురుగా నిలబడి గురి, ఊపిరి, ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేయండి. పెద్ద పెద్ద షూటర్లు కూడా రోజూ చేసేది అదే. తీసుకెళ్లకుండా మానుకున్న ప్రతి ట్రిప్పూ ఒక ప్రమాదం తగ్గినట్టే.

ఇక దారిలో ఆగడం. పెట్రోలు ముందురోజు రాత్రే కొట్టిస్తా. టీ, టిఫిన్, బాత్రూం ఇంట్లోనే. రేంజ్ నుంచి ఇంటికి, మధ్యలో ఎక్కడా దిగను. అత్తయ్య పిలిచినా సరే, ముందు బందరు వెళ్లి గన్ బీరువాలో పెట్టి తాళం వేసి, మళ్లీ గుడివాడ వెళ్తా. 35 కిలోమీటర్ల పైన వెనక్కి. పిచ్చోడు అంటారు. అనుకోనివ్వండి.

పోలీసుల గురించి అడిగారు. ముందు చట్టం ఏమంటుందో తెలుసుకుందాం. మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది, రూల్స్ 2016లో కొత్తగా వచ్చాయి. ఎయిర్ గన్ బోర్ 4.5 మిల్లీమీటర్లు మించకుండా, దాని శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అది దాటితే కావాలి. పాయింట్ టూ టూ లాంటి అసలు తుపాకీకి ఎలాగూ కావాలి, దానికి 21 ఏళ్లు నిండాలి. లైసెన్సు లేకుండా దొరికితే, 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. లైసెన్సు ఉన్నా సరే, బయట తీసుకెళ్లేటప్పుడు తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. ఇంకో సంగతి మనవాళ్లు మర్చిపోతారు. లైసెన్సు మీద అది ఎక్కడెక్కడ చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కి మాత్రమే అని ఉంటే, హైదరాబాద్‌లో పోటీ ఉందని బయల్దేరి కోదాడ దగ్గరికి వెళ్లేసరికి మీరు వేరే రాష్ట్రంలో ఉన్నారు. ముందే చూసుకోండి. ఎన్నికలు వచ్చినా, ఊళ్లో గొడవలై ఆంక్షలు పెట్టినా, బయల్దేరేముందు మీ స్టేషన్‌కి వెళ్లి అడగండి. అడిగితే పోయేదేం లేదు.

నాకు లైసెన్సు అక్కర్లేని గన్నే. అయినా రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్ గారికి అది చూడగానే ఎలా తెలుస్తుంది? నా రైఫిల్ ఫోటోలో చూస్తే అసలు రైఫిల్ కన్నా భయంకరంగా ఉంటుంది. కాబట్టి నిరూపించుకునే పని మనది. ఒకసారి చెకింగ్‌లో ఆపారు. బండి ఆపేశా, తాళం చెవి తీశా, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచా. బ్యాగు మీద చెయ్యి వేయకుండానే ముందు నోటితో చెప్పా. "సార్, నేను షూటింగ్ ప్లేయర్‌ని. పెట్టెలో ఎయిర్ రైఫిల్ ఉంది, ఖాళీ, తాళం వేసి ఉంది. కాగితాలు చొక్కా జేబులో ఉన్నాయి. మీరు తీయమంటే తీస్తా." కొన్న బిల్లు, అసోసియేషన్ కార్డు, ఆధార్, ఆ రోజు ప్రాక్టీస్ ఉందని కోచ్ పంపిన మెసేజ్, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్‌లో ఉంటాయి.

ఆయన పెట్టె తెరిచి చూపించమన్నారు. అప్పటికే చుట్టూ పది మంది చేరారు, ఇద్దరి చేతిలో ఫోన్లు లేచాయి. నేను అడిగా, "సార్, తప్పకుండా చూపిస్తా. ఇక్కడ జనం ఉన్నారు, పక్కకి వెళ్లి చూపించనా?" అని. ఆయనకీ అదే మంచిదనిపించింది. పక్కకి వెళ్లి తెరిచా. ఎర్ర తీగ చూసి "ఇదేంటి?" అన్నారు. చెప్పా. ఐదు నిమిషాల్లో పంపించేశారు. వెళ్లేటప్పుడు "మా అమ్మాయిని చేర్పించాలంటే ఎక్కడ?" అని కూడా అడిగారు. అదే జనం మధ్యలో నేను విసురుగా "ఇది ఎయిర్ గన్ సార్, లైసెన్సు అక్కర్లేదు, మీకు రూల్ తెలీదా" అని పెట్టె తెరిచి ఉంటే? సాయంత్రానికి "గన్‌తో పట్టుబడ్డ యువకుడు" అని జిల్లా మొత్తం వాట్సాప్‌లో తిరిగేవాణ్ణి.

ఫోన్ అన్నాను కాబట్టి ఇంకో మాట. బైక్ మీద కూర్చుని గన్ చేత్తో పట్టుకుని రీల్ తీయకండి తమ్ముళ్లూ. మంగినపూడి బీచ్‌లో, పెళ్లి ఊరేగింపులో, ఎక్కడైనా సరే. సంబరాల్లో నిర్లక్ష్యంగా తుపాకీ పేల్చి జనాన్ని ప్రమాదంలో పెడితే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2019లో చట్టంలోనే పెట్టారు. చట్టం పక్కన పెట్టండి, మీ ఇంట్లో ఏముందో, ఏ బండి మీద ఎప్పుడు బయటకి వెళ్తుందో ఊరంతటికీ చెప్తున్నారు మీరు. దానికి దొంగ మీకు థాంక్స్ చెప్తాడు.

చివరిది, ఎవరూ ఆలోచించనిది. బైక్ మీద వెళ్లేవాడు పడితే? మనం 108లో వెళ్లిపోతాం. గన్ రోడ్డు మీద ఉంటుంది. అప్పుడు అది ఎవరిది?

నాకు అదీ జరిగింది. రెండేళ్ల కిందట డిసెంబర్. కోతలయ్యాయి, రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. మన దగ్గర మామూలే. ఎదురుగా చేపల లారీ వచ్చింది, పక్కకి తప్పుకున్నా, ముందు టైరు వడ్ల మీదకెక్కింది. జారి పడ్డా. చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఫ్రేము బెల్టు తెగి పెట్టె కాలవ గట్టు మీదకి దొర్లింది. రైతులు పాపం పరిగెత్తుకొచ్చి నన్ను లేపారు, మంచినీళ్లిచ్చారు. ఆ హడావిడిలో ఒక కుర్రాడు పెట్టె పట్టుకుని జిప్ లాగుతున్నాడు, నా ఇంటి నంబర్ ఏమన్నా ఉందేమోనని. మంచికే చేశాడు. తాళం ఉంది, రాలేదు.

ఆ రోజు నా వెనక వేరే బండి మీద దివిసీమ ఫ్రెండ్ ఉన్నాడు. అవనిగడ్డ నుంచి బందరు వచ్చి, నాతో కలిసి వస్తాడు, పిస్టల్ కొడతాడు. మేమిద్దరం ముందే అనుకున్నాం. ఎవరు పడినా రెండోవాడు ముందు మనిషిని చూడాలి, మనిషి బాగానే ఉన్నాడంటే వెంటనే గన్‌ని చూడాలి. వాడు పెట్టె తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మా బావ వచ్చేదాకా. ఎయిర్ రైఫిల్ కాబట్టి సరిపోయింది. లైసెన్సు తుపాకీ అయితే ఫ్రెండ్ అయినా తీసుకెళ్లడానికి లేదు, పోలీసులకి ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా కాపలా ఉండాలి. అందుకే నా పర్సులో ఇప్పుడు ఒక కార్డు ఉంటుంది. "నా బండి మీద ఆటకి వాడే ఎయిర్ రైఫిల్ ఉంది. ఖాళీగా ఉంది. తెరవద్దు. ఈ నంబర్‌కి ఫోన్ చేయండి." తెలుగులో, పెద్ద అక్షరాల్లో. కోచ్ నంబరు, బావ నంబరు. ఇంగ్లీషులో రాస్తే కాలవ గట్టు మీద చదివేవాళ్లు ఎవరున్నారు?

ఇల్లు చేరాక ఇంకో పది నిమిషాల పని. వానలో తడిస్తే స్పాంజిలో నీళ్లు నిలుస్తాయి, గన్ అందులో వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. మన బందరులో వాన కూడా అక్కర్లేదు, ఉప్పుగాలి చాలు. తీసి, పొడి గుడ్డతో తుడిచి, నూనె చెయ్యి రాసి, పెట్టె తెరిచి ఆరనివ్వాలి. ఎండాకాలం సిలిండర్ ఉన్న గన్ ఎండలో బండి మీద వదలద్దు. సిలిండర్ మీద తేదీ ఉంటుంది, అది దాటిపోయిందేమో చూసుకోండి. పాత గన్ కొన్నవాళ్లు మరీనూ. అన్నీ అయ్యాక బీరువా, తాళం, తాళం చెవి నా దగ్గర. గుమ్మం పైన కాదు.

ఇంతా చెప్పాక మళ్లీ గుడివాడ వెళ్దాం. మా అత్తయ్య ఆ బీరువా అద్దం మార్చలేదు. పెల్లెట్ తగిలిన చోట నక్షత్రంలా పగిలింది, మధ్యలో పెద్ద బొట్టుబిళ్ల అతికించింది. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ ముందు గదిలోనే కూర్చుంటా, దానికి ఎదురుగా. ఆవిడ కావాలని అక్కడే కుర్చీ వేస్తుందేమో, అడగలేదు.

ఆ పిల్లాడికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. పోయిన నెల ఫోన్ చేశాడు. "మావయ్యా, నాకూ షూటింగ్ నేర్పిస్తావా?" అని. చాలాసేపు మాట రాలేదు నాకు. వాడు ఆ రోజుని మర్చిపోయుంటాడు అనుకున్నా. మర్చిపోలేదట. "నేను గన్ ముట్టుకునేముందు ఖాళీనో కాదో ఎలా చూడాలో చెప్పు, అది చాలు ముందు" అన్నాడు.

ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్లా. బస్సులో, గన్ లేకుండా. వాడి చేతిలో మొదట పెట్టింది రైఫిల్ కాదు, మీటరున్నర ఎర్ర తీగ.

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. హెల్మెట్ పెట్టుకోండి, తీగ మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.